నీళ్లమ్మ కాల్షియం రిపోర్టు

2004 జూన్‌లో నేను బాగేపల్లి నుంచి చింతామణికి మారాను. అంతకుముందు పదకొండేళ్లు బాగేపల్లిలో ఒక చిన్న క్లినిక్‌లో రక్తం, మూత్రం, కఫం పరీక్షించే ఏకైక టెక్నీషియన్‌ను. చింతామణిలో ఒక ట్రస్టు నడిపే నలభై పడకల ఆసుపత్రిలో సీనియర్ టెక్నీషియన్ పోస్టు దొరికింది. ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. సీనియర్ అంటే కింద పదిమంది ఉంటారని ఎవరూ అనుకోవద్దు. ల్యాబులో ఉన్నది ఇద్దరమే: నేను, నాకంటే ఆరేళ్లు పెద్దవాడైన అటెండరు నారాయణప్ప. రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు మీద సంతకం పెట్టడం నా పని. ట్యూబులు కడగడం, సీసాలు ఆరబెట్టడం, వార్డుల నుంచి శాంపిళ్లు తేవడం, వీటన్నిటి మీదా వ్యాఖ్యానించడం ఆయన పని.

నా చదువు పి.యు.సి., ఆపైన రెండేళ్ల ల్యాబ్ డిప్లొమా. మిగిలిందంతా లైబ్రరీ. ఈ మాట నేను కాస్త గర్వంగానే చెప్పుకొంటాను. చింతామణి గ్రంథాలయంలో ఇంగ్లీషు అరల అడుగున నాకొక లావుపాటి శరీరధర్మశాస్త్రం పుస్తకం దొరికింది. ఎవరో డాక్టరు పోయాక ఇంటివాళ్లు ఇచ్చేసిన పుస్తకమట. వెనక అతికించిన కాగితం మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీల చొప్పున చదివేదాన్ని. గడువు కాగానే తీసుకెళ్లి మళ్లీ నా పేరు మీదే రాయించుకునేదాన్ని. ఏడోసారి ముద్ర వేస్తూ గ్రంథపాలకుడు, "అమ్మా, ఈ పుస్తకాన్ని నీకే కన్యాదానం చేసేస్తాను. పదైదు దినాలకొకతూరి అత్తగారింటికి సాగనంపి సాగనంపి నా చెయ్యి నొప్పెడతాండాది" అన్నాడు.

ఆ పుస్తకంలో థైరాయిడ్ అధ్యాయం చదివిన వారం నేను నేల మీద నడవలేదు. థైరాయిడ్ మెడ ముందు భాగంలో, గొంతుగొట్టానికి రెండు పక్కలా రెక్కలు పరిచినట్టుండే గ్రంథి అని నాకు తెలుసు. దాని కణాల్లో కాల్షియం ఎలా నడుస్తుందో మాత్రం తెలియదు. కాల్షియం అంటే ఎముక, పన్ను, ఆకులో సున్నం. అంతవరకే నా జ్ఞానం. పుస్తకం ఏం చెప్పిందంటే, కణం బయట ఉన్న కాల్షియంలో సుమారు పదివేలో వంతు మాత్రమే కణం లోపల విడిగా తిరుగుతుందట. బయట అంత రద్దీ, లోపల అంత ఖాళీ. గోడలో తలుపులున్నాయి, అవి రెప్పపాటు తెరుచుకుని మూసుకుంటాయి. లోపలికి జొరబడ్డ కాల్షియాన్ని బయటికి నెట్టే పంపులున్నాయి. కొంత కాల్షియాన్ని కణం తన లోపలి సంచుల్లో దాచుకుంటుంది కూడా. మెదడు కింది గ్రంథి నుంచి ఆదేశం రాగానే ఆ సంచుల మూతి విప్పుకుంటుంది. కాల్షియం ఒక్కసారి కణమంతా పరుగెత్తుతుంది, ఆ కబురుతో అయోడిన్ పనులు మొదలవుతాయి. అదే గ్రంథిలో మరో రకం కణాలున్నాయి. రక్తంలో కాల్షియం పెరిగితే వాటి తలుపులు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, దాన్ని తగ్గించే హార్మోన్ బయటికి పోతుంది. ఇక థైరాయిడ్ వెనక, బియ్యపు గింజలంతటి వేరే గ్రంథులు నాలుగు అతుక్కుని ఉంటాయి. వాటి తీరు పూర్తిగా ఎదురు. రక్తంలో కాల్షియం నిండుగా ఉన్నంతసేపు నోరు మెదపవు. తగ్గిందంటే కేకలు పెడతాయి. ఆ కేక విని ఎముకలు తమ దగ్గరున్న కాల్షియాన్ని రక్తంలోకి వదులుతాయి.

ఇంత జరుగుతోంటే ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేమని నాకు నిజంగా కోపం వచ్చింది. గ్రంథాలయంలోనే పైకి నవ్వేశాను. పేపరు చదువుకుంటున్న ముసలాయన కళ్లజోడు తీసి చూశాడు.

మర్నాడు టీ వేళ నారాయణప్పకు చెప్పాను. మా ప్రైవేటు బస్సులో కండక్టరు జనాన్ని లోపలికి తోస్తూ ఉంటాడు కదా, కణంలో ఉన్నది తిరగబడిన కండక్టరు, ఎక్కిన వాళ్లందరినీ పట్టుకుని బయటికి తోసేస్తూ ఉంటాడు అన్నాను. ఆయన సాంతం విని, "ఆ బస్సు ఓనరు ఎట్ల బతుకుతాండాడు మేడమ్?" అని అడిగాడు. జవాబు ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

2005 జనవరిలో మా ల్యాబుకు కాల్షియం కిట్ వచ్చింది. అంతవరకు కాల్షియం పరీక్ష రాస్తే శాంపిల్‌ను బెంగళూరు పంపేవాళ్లం. పుస్తకంలో చదివిన కాల్షియం నా చేతికే రావడంతో నాకు పెళ్లివారి సందడి పట్టుకుంది. పరీక్ష పద్ధతి కష్టం కాదు. రక్తం గడ్డకట్టాక యంత్రంలో గిర్రున తిప్పితే పైన పసుపు నీరు తేలుతుంది. దాన్ని సీరం అంటారు. ఒక మిల్లీలీటరు రంగుమందులో సీరం చిన్న చుక్క వేస్తే, కాల్షియం ఉన్నకొద్దీ ఊదా రంగు ముదురుతుంది. ఆ ముదురును అనలైజరు అనే యంత్రం కొలుస్తుంది. కొలవడానికి ఎప్పుడూ మూడు ట్యూబులు కావాలి. మొదటిది బ్లాంక్. అందులో రంగుమందుతోపాటు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే ఉంటుంది. యంత్రానికి "ఇది సున్నా" అని చూపించడానికి అది. రెండోది స్టాండర్డ్. అందులో ఎంత కాల్షియం ఉందో ముందే తెలుసు. మూడోది రోగిది.

బ్లాంకుకు, స్టాండర్డుకు నేను ఆరు గాజు ట్యూబులు ప్రత్యేకించాను. వాటిని నా చేత్తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు తొలిచి, ఉతికిన గుడ్డ మీద బోర్లించి, మూతవున్న స్టీలు డబ్బాలో పెట్టేదాన్ని. నారాయణప్పను ముట్టుకోనిచ్చేదాన్ని కాను. ఆయన వాటికి మడి ట్యూబులని పేరు పెట్టాడు. ఎవరైనా ఆ డబ్బా దగ్గరికి వెళితే, "దూరం, దూరం! మేడమ్ మడి కట్టుకోనుండాది" అని అరిచేవాడు. నేను లక్ష్యపెట్టలేదు. నా బ్లాంక్ స్ఫటికంలా ఉండేది. నా స్టాండర్డ్ ప్రతిరోజూ గీత గీసినట్టు వచ్చేది. పరీక్షలో నాకింక తప్పు జరగదనుకున్నాను.

మొదటి పద్దెనిమిది రోజుల్లో పదకొండు మందికి కాల్షియం చూశాను. ఆరోగ్యవంతుల్లో అది డెసిలీటరుకు ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మిల్లీగ్రాముల దాకా ఉండాలి. మావాళ్లలో చాలామందికి పన్నెండు, పదమూడు వచ్చాయి. ఇంకొకరైతే భయపడేవారు. నేను ఆనందపడ్డాను. ఈ ప్రాంతంలో తాగేది బోరు నీళ్లు, అందులో సున్నం ఎక్కువ. పైగా ఆకూవక్కా, అందులోనూ సున్నమే. కాబట్టి మన చింతామణి రక్తంలోనే కాల్షియం ఎక్కువని సిద్ధాంతం కట్టాను. రెండు పేజీలు రాసుకున్నాను కూడా. శరీరం కాల్షియాన్ని ఎంత బిగువుగా కాపాడుతుందో, ఎంత సున్నం తిన్నా రక్తంలో ఇంత తేడా ఎందుకు రానివ్వదో అదే పుస్తకంలో ఉంది. ఆ పేజీ నేను చదివాను. ఆ వారం గుర్తు తెచ్చుకోదలచుకోలేదు. మా డ్యూటీ డాక్టరు శ్రీనాథ్ గారు కొత్తగా చదువు ముగించి వచ్చిన నెమ్మదైన మనిషి. నా రెండు పేజీలూ చదివి, ఇంకో యాభై మందిని చూశాక మాట్లాడుకుందామన్నారు. దాన్ని నేను ప్రోత్సాహంగా తీసుకున్నాను.

ఫిబ్రవరి మొదటివారంలో ఒక ఉదయం మునెమ్మ వచ్చింది. దిబ్బూరహళ్ళి దగ్గరి పల్లె, వయసు ముప్పై లోపు. పట్టు రీలింగ్ యూనిట్‌లో పని. వేడినీళ్ల తొట్టిలో ఉడికే గూళ్ల నుంచి కంటికి కనపడని పోగు కొనను వేళ్లతో పట్టి లాగి, చక్రానికి అందించాలి. రెండు వారాల ముందు బెంగళూరులో ఆమె మెడలోని గడ్డ తీశారు. దాంతోపాటు థైరాయిడ్ చాలావరకు పోయింది. కుట్లు చక్కగా మానాయి. అయితే మూతి చుట్టూ చీమలు పాకినట్టుంటోంది, వేళ్లు వాటంతట అవే కొంకర్లు పోతున్నాయి. తొట్టి దగ్గర కూర్చుంటే పోగు చిక్కడం లేదు. రెండురోజులు చూసి యూనిట్ వాళ్లు ఆ తొట్టి దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టారు. వెంట అత్త గంగులమ్మ వచ్చింది. నోటినిండా ఆకూవక్క, చేతిసంచిలో నిమ్మకాయలు.

డాక్టరు గారు ఆపరేషన్ సంగతి విని వెంటనే కాల్షియం పరీక్ష రాశారు. ఆయన అనుమానం సరైనదే. థైరాయిడ్ తీసేటప్పుడు ఎంత నేర్పరి చేతుల్లోనైనా వెనకున్న ఆ నాలుగు గింజలకు ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. అప్పుడు కేకలు పెట్టేవాళ్లు ఉండరు, కాల్షియం పడిపోతుంది.

రక్తం తీయడానికి మునెమ్మ జబ్బకు రబ్బరు కట్టు కట్టాను. నరం దొరకలేదు. రెండు మూడు నిమిషాలు వెతికాను. అంతలో నా కళ్లముందే ఆమె చెయ్యి ముడుచుకుంది. బొటనవేలు లోపలికి పోయి, నాలుగు వేళ్లూ నిటారుగా దగ్గరికి చేరి కొనలు కలిశాయి. ముగ్గుపిండి పట్టుకుని గీత వేయబోయే చెయ్యి ఎలా ఉంటుందో సరిగ్గా అలా. అది నాకు తెలిసిన చెయ్యి. లావుపాటి పుస్తకంలో, కాల్షియం తగ్గిన మనిషి చెయ్యి అని వేసిన బొమ్మ అదే. నా గుండె ఎగిరి గంతేసింది. పుస్తకంలోని బొమ్మ బతికి వచ్చి నా బల్ల మీద కూర్చుంటే ఎవరికైనా అంతే.

"ఇదో, ఇట్లనే అయితాదమ్మా" అంది మునెమ్మ, ఆ చేతిని ఇంకెవరిదో అన్నట్టు చూస్తూ. "నేను చేసేది కాదు. అదే చేసుకుంటాది."

"చూడు తల్లీ, పట్టి మడుస్తాండేది ఎవరో" అంది గంగులమ్మ. "మా కండ్లకి కనపడరు. తొండేభావి పక్కన ఒగాయన ఉండాడు, ఆయనకి కనపడతారు. మూడు గంటల బస్సుకి పోతాండాము."

కట్టు ఎక్కువసేపు ఉంటే కాల్షియం కొంచెం ఎక్కువ చూపిస్తుంది. అందుకని విప్పేసి, రెండో చేతికి కట్టి చకచకా రక్తం తీశాను. పరీక్ష చేసినంతసేపూ, అయిదో ఆరో వస్తుందని, పరుగెత్తుకెళ్లి డాక్టరు గారికి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను.

తొమ్మిది పాయింట్ ఒకటి. నార్మల్.

రిపోర్టు పైకి పంపడం తప్ప నాకు వేరే దారి లేదు. డాక్టరు గారు చూసి, కాల్షియం సరిగానే ఉంది, ఆపరేషన్ భయం వల్ల ఇలా కావచ్చు, వారం ఈ మాత్రలు వాడి మళ్లీ రండి అని చెప్పారట. తిరిగి వెళ్తూ గంగులమ్మ ల్యాబు గుమ్మం దగ్గర ఆగి తేల్చేసింది. "డాక్టరే చెప్పినాడు గదమ్మా, ఒంట్లో ఏమీ లేదని. ఒంట్లో లేకుంటే ఇంగ యాడుండాది? పైనుండాది."

తర్కంలో ఆమెను కొట్టడం కష్టం. మునెమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

అప్పుడు మధ్యాహ్నం ఒకటిన్నర. నేను స్టూలు మీద కూలబడ్డాను. ఒకవైపు పుస్తకం, ఒకవైపు యంత్రం. రెండూ నావే. రెండింటి మీదా నాకు గర్వమే. ఒకటి అబద్ధమాడుతోంది. అదే సీరంతో మళ్లీ చేశాను. ఎనిమిది పాయింట్ ఎనిమిది. బ్లాంక్ నిర్మలం, స్టాండర్డ్ కచ్చితం. అయితే పుస్తకమే తప్పా? కాల్షియం తగ్గితే ప్రాణం మీదికేమీ రాదు, వేళ్లే కదా అని ఎవరైనా అనుకోవచ్చు. అది ఇంకా పడితే గొంతు బిగుస్తుంది, మూర్ఛ వస్తుంది, గుండె లయ తప్పుతుంది. మూడు గంటల బస్సులో ఆమె తొండేభావి వెళితే, తర్వాత ఎక్కడికి వెళ్తుందో చెప్పలేం.

ఆ పరిస్థితిలో నారాయణప్ప కడిగిన ట్యూబుల రాక్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కిటికీ ఎండలో ఒక ట్యూబు అడుగున విభూతి రాసినట్టు తెల్లటి పొర కనిపించింది. ఇదేమిటని అడిగాను.

"బోరు నీళ్లు గదా మేడమ్" అన్నాడు. "మా ఇంట్ల నీళ్లు కాచే కాగు చూడండి, ఇంత మందం సున్నం పట్టిండాది. ఉలి పెట్టి కొట్టాల."

"ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌తో తొలవడం లేదా?"

"మీరే చెప్తిరి గదా, డబ్బాలు రాలేదు, మిగిలించమని? సంక్రాంతికి ముందర చెప్పినారు. ఇంగ మళ్లీ పొయ్యమని మీరు చెప్పలా, నేను పొయ్యలా."

నిజం. డిసెంబరులో డిస్టిల్డ్ వాటర్ రావడం ఆలస్యమైతే వారం పాటు బోరు నీళ్లతో సరిపెట్టమన్నాను. తర్వాత నీళ్లు వచ్చాయి, నా ఆజ్ఞ ఉపసంహరించుకోవడం మరిచాను. చక్కెర, యూరియా పరీక్షలకు దానివల్ల ఏమీ కాలేదు. రోగుల సీరం వేసేది ఆయన కడిగిన ఈ ట్యూబుల్లోనే. కాల్షియం పరీక్షకు సీరం ఎంత వేస్తాం? చిన్న చుక్క. ట్యూబు అడుగున మిగిలిన బోరు నీళ్లు ఎంత? చిన్న చుక్కే. అందులో ఉన్నదేమిటి?

సున్నం!

నేను గట్టిగా కేక పెట్టానని, స్టూలు పడిపోయిందని నారాయణప్ప తర్వాత అందరికీ చెప్పాడు. స్టూలు సంగతి నాకు గుర్తులేదు. రుజువు కావాలి. సీరం బదులు డిస్టిల్డ్ వాటర్‌నే రోగిగా పెట్టి పరీక్ష చేద్దామనుకున్నాను. నియమం ప్రకారం ప్రతి ట్యూబుకూ పేరు చీటీ ఉండాలి. తొందరలో నీళ్లమ్మ అని రాసి అతికించాను. నారాయణప్ప కడిగిన ట్యూబులో నీళ్లమ్మ కాల్షియం మూడు పాయింట్ రెండు వచ్చింది. నా మడి ట్యూబులో నీళ్లమ్మ కాల్షియం సున్నా.

ఒక్క చుక్క కాల్షియం లేని నీళ్లకు మూడు పాయింట్ రెండు! నాకు నవ్వు ఆగలేదు. నారాయణప్ప తెర మీది అంకె చూసి, "నార్మల్ కంటే శానా తక్కువుండాదే మేడమ్. నీళ్లమ్మకి గూడా మెడ ఆపరేషన్ అయిందా?" అన్నాడు. నవ్వుతూనే మునెమ్మ సీరాన్ని మడి ట్యూబులో వేశాను. అయిదు పాయింట్ ఎనిమిది. ఇంకోసారి. అయిదు పాయింట్ ఏడు. పుస్తకం గెలిచింది. యంత్రం కూడా తప్పు చెప్పలేదు. ఇచ్చిన ట్యూబులో ఎంత సున్నం ఉందో అంతా నిజాయితీగా కొలిచింది. నా సిద్ధాంతం కూడా ఒక రకంగా నిజమే, చింతామణి నీళ్లలో కాల్షియం ఎక్కువే. అది జనం రక్తంలో లేదు, నా ట్యూబుల్లో ఉంది.

గోడ గడియారం రెండు ముప్పై అయిదు చూపిస్తోంది. నారాయణప్పను మోపెడ్ మీద బస్టాండుకు పంపి, నేను మెట్లెక్కి డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. నాకప్పుడు నలభై నాలుగు. ఆసుపత్రిలో ఉద్యోగులు పరుగెత్తకూడదని బోర్డు ఉండేది, దాని కిందుగానే పరుగెత్తాను. ఇందాకటి రిపోర్టు తప్పు, తప్పు నాది, సరైన అంకె ఇది అని నిలబడి చెప్పాను. నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు కాబట్టి ఆ క్షమాపణ ఎలా వినిపించిందో తెలియదు. ఆయన అంకె చూసి లేచి నిల్చున్నారు. "వాళ్లు యాడుండారు?" అన్నారు. అంతవరకు ఆయన నాతో పుస్తకాల తెలుగే మాట్లాడేవారు.

బస్టాండులో జరిగింది నారాయణప్ప చెప్పగా విన్నదే. బస్సు ఇంజను వేసి ఉంది. కిటికీ పక్కన గంగులమ్మ. డాక్టరు పిలుస్తున్నాడంటే ఆమె కదల్లేదు. చూసినాడు గదా, ఏమీ లేదన్నాడు గదా అంది. బస్సు గేరు పడింది. అప్పుడాయన కిటికీ ఊచ పట్టుకుని, "అక్కా, దయ్యం మా ల్యాబులోనే దొరికింది. మేడమ్ ట్యూబులో పట్టిపెట్టింది. తొండేభావి దాకా యాల? వచ్చి నీ కండ్లతోనే చూసుకో" అన్నాడు. గంగులమ్మ దిగింది. ఆమె దిగితే కోడలు దిగింది. ఆ మోపెడ్ మీద ముగ్గురూ ఎలా వచ్చారో నేను అడగలేదు.

రాగానే డాక్టరు గారు మునెమ్మ జబ్బకు బి.పి. పట్టీ చుట్టి, గాలి కొట్టి, మూడు నిమిషాలు అలాగే ఉంచారు. చెయ్యి ముగ్గు చెయ్యిగా మారింది. "పొద్దున నేనే ఇది చేసుండాల్సింది. కాగితం చూసి మనిషిని చూడలేదు" అని నాతో అన్నారు. నేను మనిషిని చూసి కూడా కాగితం మీద సంతకం పెట్టానన్నాను. ఇద్దరం తప్పు నాదంటే నాదని కాసేపు పోట్లాడుకున్నాం. గంగులమ్మ మధ్యలో, "దయ్యాన్ని చూపిస్తామంటిరే, యాడ?" అంది. నారాయణప్ప తెల్ల పొర ఉన్న ట్యూబు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె వేలితో గీకి, నాలుక మీద పెట్టుకోబోతే నేను లాక్కున్నాను.

కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ నరంలోకి ఎక్కించారు. ఇది గబగబా ఇచ్చే మందు కాదు. వేగంగా పోతే గుండె ఆగే ప్రమాదముంది. డాక్టరు గారు ఒక చేత్తో సిరంజి నెడుతూ, చెవుల్లో స్టెతస్కోపుతో గుండె వింటూ పది నిమిషాలకు పైగా తీసుకున్నారు. నేను వాచీ చూస్తూ నిమిషాలు చెప్పాను. ఏడో నిమిషంలో మూతి చుట్టూ చీమలు పోయాయంది మునెమ్మ. ఆ తర్వాత వేళ్లు ఒకటొకటిగా సడలాయి. ఆమె చేతిని తిప్పి చూసుకుంది. కొంగు అంచున ఊడిన ఒక దారప్పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, మెల్లగా, తెగకుండా లాగింది. "చిక్కింది" అంది. ఇంకోటి లాగింది. చీర అంచు పాడవుతోందని అత్త చేతిమీద ఒకటి వేస్తే తప్ప ఆపలేదు.

ఇంతకూ ఇదేం మందని గంగులమ్మ అడిగింది. నాకు అంతకంటే ఏం కావాలి? తలుపులు, సంచులు, పంపులు, తిరగబడిన కండక్టరు, కేకలు పెట్టే నాలుగు గింజలు, ఏదీ వదలకుండా చెప్పాను. ఆమె ఆకు నములుతూ ఆసాంతం విని రెండే ప్రశ్నలు వేసింది.

"సున్నమే అయితే, ఆకుకి ఇంగొంచెం పూసిస్తే పోలేదా?"

కుదరదు, సున్నం నోరు కాలుస్తుంది, మందుగా పనికిరాదు, మాత్రలే వేయాలని చెప్పాను.

"ఆ నాలుగు గింజలూ సచ్చినాయా, సొమ్మసిల్లినాయా?"

డాక్టరు గారు తలెత్తి ఆమె వైపు చూశారు. ఆ సమయంలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. మాకు తెలియదు, కొన్ని వారాలు చూస్తే తెలుస్తుందని ఆయన జవాబిచ్చారు. నాలుగు రోజులు పడక మీద ఉంచి, మాత్రలు, విటమిన్ డి మొదలుపెట్టి పంపించాం. వారానికొకసారి మునెమ్మ వచ్చేది, శుభ్రమైన ట్యూబుల్లో నేను చూసేదాన్ని. మాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు. తొమ్మిదో వారంలో మాత్రలు లేకుండానే కాల్షియం ఎనిమిది పాయింట్ ఏడు నిలబడింది. గింజలు సొమ్మసిల్లినవే. ఆమె అప్పటికే తొట్టి దగ్గరికి తిరిగి వెళ్లింది. థైరాయిడ్ లేనందుకు వేసుకోవాల్సిన మాత్ర మాత్రం జీవితాంతం వేసుకోవాలి.

మిగిలిన పదకొండు మంది సంగతి నాకు సంతోషం కలిగించే విషయం కాదు. జరిగింది రాసి సంతకం పెట్టి డాక్టరు గారికిచ్చాను. అందరికీ కబురు పంపాం. తొమ్మిది మంది వచ్చారు, మళ్లీ ఉచితంగా చూశాం. ఎనిమిది మందికి ఏ దోషమూ లేదు. నా సిద్ధాంతానికి ఆధారమైన పన్నెండులూ పదమూడులూ తొమ్మిదీ తొమ్మిదిన్నరలయ్యాయి. కిడ్నీ జబ్బున్న ఒక పెద్దాయనకు నిజంగానే కాల్షియం తక్కువ, నేను నార్మల్ అని రాసిచ్చాను. ఆయనకు చికిత్స మొదలైంది. ఇద్దరు దొరకలేదు. రాసిచ్చిన చిరునామాల్లో వాళ్లు లేరు.

వృత్తిలో ఉన్నవాళ్ల కోసం చివరి మాట. ట్యూబులు మురికిగా ఉండటం పెద్ద తప్పు కాదు, ఏ ల్యాబులోనైనా ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. బ్లాంకును కూడా అవే ట్యూబుల్లో పెట్టి ఉంటే మొదటి రోజే సున్నా రావలసిన చోట మూడు వచ్చేది, ఆ రోజే పట్టుబడేది. తప్పును పద్దెనిమిది రోజులు దాచిపెట్టినవి నేను శుభ్రంగా ఉంచుకున్న ఆరు ట్యూబులు. రోగి శాంపిల్ ఏ చేతుల్లో, ఏ నీళ్లలో, ఏ రాక్‌లో నుంచి వస్తుందో బ్లాంక్ కూడా వాటన్నిటినీ దాటి రావాలి. ఆ తర్వాత పదవీ విరమణ దాకా బ్లాంకుకు ట్యూబును నేను ఎంచుకోలేదు. అటెండరు చేతికి అందింది తీసి ఇస్తే తీసుకున్నాను. బ్లాంక్ రీడింగు పెరిగిన రోజున ల్యాబు నుంచి ఒక్క రిపోర్టూ బయటికి పోలేదు. అలాంటి రోజులు ఏడాదికి రెండో మూడో వచ్చేవి.